తినేవారెందరు, తెచ్చేవారెందరు? హైస్కూలు పిల్లలకు జనాభా వయసుల లెక్క చెప్పడం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెబుతాను. జనాభా పాఠం వచ్చిన ప్రతిసారీ తోటి టీచర్లు, కొందరు తల్లిదండ్రులు, అందరికంటే ఎక్కువగా పిల్లలు అడిగే ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. వాటికి నేను చెప్పే జవాబులే ఇవి. ఈ పాఠం నాకు చాలా ఇష్టం. పుస్తకంలో ఉన్న పాఠాలన్నింటిలో పిల్లవాడి సొంత ఇల్లు ఇంత నేరుగా కనిపించేది ఇంకొకటి లేదు.

వయోనిర్మాణం అంటే ఏమిటో తేలికగా ఎలా చెప్పాలి?

ఏ వయసువాళ్లు ఎంతమంది ఉన్నారో చెప్పే లెక్క. అంతే. నిర్వచనం రాయించే ముందు బోర్డు మీద రెండు ఇళ్లు గీయండి. మొదటి ఇంట్లో అమ్మ, నాన్న, నలుగురు చిన్న పిల్లలు. రెండో ఇంట్లో తాత, నాయనమ్మ, అమ్మ, నాన్న, ఉద్యోగం చేస్తున్న అన్న, కుట్టుపని చేస్తున్న అక్క. రెండిట్లోనూ ఆరుగురే. రేషన్ బియ్యం రెండిళ్లకూ ఒకటే. మరి ఖర్చు ఒకటేనా? సంపాదన ఒకటేనా? నెలాఖరున నాలుగు డబ్బులు ఎవరికి మిగులుతాయి? ఇంకో ఇరవై ఏళ్లకు ఏ ఇల్లు ఎలా ఉంటుంది?

ఈ నాలుగో ప్రశ్న దగ్గర తరగతి అంతా ఒక్కసారిగా మాట్లాడుతుంది. మొదటి ఇంట్లో నలుగురూ సంపాదించే వయసుకు వస్తారు. రెండో ఇంట్లో అమ్మానాన్నలు పెద్దవాళ్లవుతారు. ఇదే లెక్క దేశానికి వేస్తే మన పాఠం అవుతుంది.

ఏ తరగతి నుంచి చెప్పవచ్చు?

ఎనిమిది నుంచి. శాతాలు, బార్ గ్రాఫ్ వచ్చి ఉంటే చాలు.

జనాభా పిరమిడ్ బొమ్మ చూడగానే పిల్లలు బెదిరిపోతున్నారు. ఏం చేయాలి?

బొమ్మ చూపించకండి. వాళ్లతోనే చేయించండి. నేను చింతపిక్కలతో చేయిస్తాను.

ముందు రోజు ఒక్కొక్కరికీ చిన్న చీటీ ఇచ్చి, ఇంట్లో ఉన్నవాళ్ల వయసు, ఆడా మగా అన్నది మాత్రమే రాసుకు రమ్మంటాను. పేర్లు వద్దు, ఆదాయం వద్దు, చీటీ మీద తమ పేరు కూడా వద్దు. చీటీలు మడిచి డబ్బాలో వేయాలి, ఎవరిదీ పైకి చదవకూడదు. తరగతిలో తండ్రి లేని పిల్లలు ఉంటారు, అమ్మ గల్ఫ్‌లో ఉన్నవాళ్లు ఉంటారు, అమ్మమ్మ దగ్గర పెరిగేవాళ్లు ఉంటారు. మన లెక్క కోసం వాళ్లు నలుగురిలో తల దించుకోకూడదు.

మర్నాడు వరండాలో సుద్దముక్కతో నిచ్చెన గీయండి. కింది మెట్టు 0–4, దాని పైన 5–9, అలా 80 దాటినవాళ్ల దాకా. మధ్యలో నిలువు గీత. ఎడమ వైపు మగవాళ్లు, కుడి వైపు ఆడవాళ్లు. మనిషికొక చింతపిక్క. నలభై మంది తరగతి అయితే రెండు వందల దాకా పిక్కలు పడతాయి. అన్నీ పేర్చాక వచ్చే బొమ్మే జనాభా పిరమిడ్. పిల్లల్ని అరుగెక్కి పైనుంచి చూడమనండి.

ఇక్కడ ఒక విషయం తప్పకుండా ఆగి చెప్పాలి. ఆ బొమ్మలో 10–14, 15–19 మెట్లు విపరీతంగా ఉబ్బి ఉంటాయి. 35–44 మెట్లు కూడా అంతే. మన ఊరు నిజంగా అలాగే ఉందా? లేదు. చీటీ తెచ్చిన ప్రతి ఇంట్లోనూ ఒక హైస్కూలు పిల్లవాడు, వాడికి అమ్మానాన్నలు ఉన్నారు కాబట్టి అలా వచ్చింది. పిల్లలంతా పట్నం వెళ్లిపోయి ముసలివాళ్లిద్దరే ఉంటున్న ఇళ్లు, కొత్తగా పెళ్లయిన జంటల ఇళ్లు మన లెక్కలోకి రానేలేదు. "సార్, అయితే మన లెక్క తప్పా?" అని అడుగుతారు. లెక్క తప్పు కాదు, అది ఊరి లెక్క కాదు, మన తరగతి ఇళ్ల లెక్క అని చెప్పండి. జనాభా లెక్కలకు ప్రతి గడపా ఎందుకు తొక్కుతారో పిల్లలకు అప్పుడు అర్థమవుతుంది.

ఆ తర్వాత ఇంకో చిన్న పని. మీ నాయనమ్మకు తోడబుట్టినవాళ్లు ఎందరు, మీ నాన్నకు ఎందరు, నీకు ఎందరు? మూడు అంకెలు రాయమనండి. నా తరగతిలో 6, 3, 1 లాంటి వరుసలే ఎక్కువగా వస్తాయి. జనన రేటు గురించి గంటసేపు చెప్పినా రానిది ఆ మూడు అంకెల్లో కనిపిస్తుంది.

ఆధారిత నిష్పత్తి లెక్క ఎలా చేయించాలి?

పనిచేసే వయసులో ఉన్న ప్రతి 100 మందికి, ఆ వయసుకు ఇవతల అవతల ఉన్నవాళ్లు ఎంతమంది? ఇదే ఆధారిత నిష్పత్తి. చిన్నపిల్లలనూ పెద్దవాళ్లనూ కూడి, మధ్య వయసువాళ్ల సంఖ్యతో భాగించి, వందతో హెచ్చించాలి.

భారతదేశం లెక్కే చేయించండి. 2011 జనాభా లెక్కల ఆధారంగా కేంద్రం నియమించిన సాంకేతిక బృందం 2036 దాకా అంచనాలు వేసింది. 2011లో ప్రతి వంద మందిలో 15 ఏళ్లలోపువారు 30.9, 15–59 వాళ్లు 60.7, అరవై దాటినవాళ్లు 8.4. 2036కి వచ్చేసరికి ఇవి 20.1, 64.9, 14.9 అవుతాయని అంచనా. పిల్లలు లెక్క వేస్తే 2011కి దాదాపు 65, 2036కి దాదాపు 54 వస్తుంది.

ఇక్కడితో ఆపితే "భారం తగ్గింది" అని రాసేసి పుస్తకం మూసేస్తారు. ఆపకండి. పైనున్న అంకెను, అంటే పిల్లలూ పెద్దవాళ్లూ కలిసిన మొత్తాన్ని, విడగొట్టమనండి. 2011లో ఆ 39 మందిలో 31 మంది పిల్లలు. 2036లో ఆ 35 మందిలో 20 మంది పిల్లలు, 15 మంది పెద్దవాళ్లు. మొత్తం కొద్దిగానే తగ్గింది కానీ లోపల మనుషులు మారిపోయారు. బడి, టీకాలు, మధ్యాహ్న భోజనం కోసం పెట్టే డబ్బు కొంత మోకాళ్ల నొప్పులకు, షుగర్ మాత్రలకు, కంటి ఆపరేషన్లకు, పెన్షన్లకు మళ్లాలి. ఒకే నిష్పత్తి ఉన్న రెండు దేశాలకు ఒకే బడ్జెట్ సరిపోదు అన్న మాట ఇక్కడ చెబితే నిలుస్తుంది.

ఒక జాగ్రత్త. ఐక్యరాజ్యసమితి పట్టికల్లో సాధారణంగా 15–64 తీసుకుంటారు. మన దగ్గర చాలాచోట్ల 15–59. రెండు పట్టికలు పక్కపక్కన పెట్టి పోల్చేముందు అది చూసుకోవాలి.

ఆధారితులు అంటే భారం అనేనా? ముసలివాళ్ల గురించి పిల్లలు తప్పుగా అనుకోరా?

అనుకుంటారు. నేను చూశాను. ఒక ఏడాది పరీక్షలో ఒక అబ్బాయి, వృద్ధుల సంఖ్య పెరగడం గురించి రాస్తూ "కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి" అని సామెత వేశాడు. జవాబుగా చూస్తే మార్కులు వేయాల్సిందే. కానీ ఆ పిల్లవాడిని రోజూ బడికి తయారుచేసి పంపేది వాళ్ల నాయనమ్మ. అమ్మానాన్నలు తెల్లవారకముందే కూలికి వెళ్తారు. ఆ పేపరు దిద్దిన రోజు నాకు చాలా బాధ కలిగింది. ఆ మాట వాడి నోట్లో పెట్టింది నేను చెప్పిన పాఠమే. ఆ తర్వాతి ఏడాది నుంచి ఈ భాగానికి ఒక పీరియడ్ విడిగా పెట్టుకున్నాను.

పిల్లలకు చెప్పాల్సింది ఇది. ఆ నిష్పత్తి వయసును మాత్రమే చూస్తుంది, పనిని చూడదు. అరవై ఎనిమిదేళ్ల వయసులో సంతలో కూరగాయలమ్మే అవ్వ అందులో ఆధారితురాలు. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గది అద్దెకు తీసుకుని గ్రూప్స్‌కు చదువుతున్న ఇరవై ఆరేళ్ల అన్న, ఇంటి నుంచి నెలనెలా డబ్బు తెప్పించుకుంటున్నా, అందులో పనిచేసే వయసువాడు. పిల్లల్ని ఇలాంటి ఉదాహరణలు చెప్పమంటే పది నిమిషాల్లో బోర్డు నిండిపోతుంది. మేకలు కాసే తాత, చింతపండు ఒలిచే అమ్మమ్మ, పురిటికి వచ్చిన కూతురికి వండిపెట్టే పెద్దమ్మ. నాయనమ్మ పసివాణ్ని చూసుకోకపోతే అమ్మ పనికి వెళ్లగలదా అని అడగండి. అమ్మ కూలి డబ్బులో నాయనమ్మ వాటా ఎంత అని కూడా అడగండి. ఈ ప్రశ్నకు అంకె రాదు, అయినా అడగాలి.

అందుకే నేను తరగతిలో "భారం" అన్న మాట వాడను. "ఇంకొకరి సంపాదన అవసరమయ్యే వయసు" అంటాను. కాస్త పొడుగు మాటే, కానీ మనందరం పుట్టినప్పుడు ఆ వయసులో ఉన్నవాళ్లమే.

జనాభా డివిడెండ్ అంటే? అది దానంతట అదే వస్తుందా?

పిల్లలు తక్కువగా పుట్టడం మొదలైన కొన్నేళ్లకు, పెద్దవాళ్ల సంఖ్య ఇంకా పెరగకముందు, మధ్యలో ఒక కాలం వస్తుంది. తెచ్చేవారు ఎక్కువ, తినేవారు తక్కువ. ఇంట్లో డబ్బు మిగులుతుంది, బ్యాంకుల్లో పొదుపు పెరుగుతుంది, ఆ పొదుపు ఫ్యాక్టరీలకు, రోడ్లకు అప్పుగా వెళ్తుంది. ఒకరిద్దరు పిల్లలే కాబట్టి ఒక్కొక్కరి చదువుకు ఎక్కువ ఖర్చు పెట్టగలుగుతారు. ఈ అవకాశాన్ని డివిడెండ్ అంటున్నారు.

దానంతట అది రాదు. దక్షిణ కొరియా కథ పిల్లలకు బాగా ఎక్కుతుంది, వాళ్లలో సగం మందికి కొరియా పాటలు, సీరియళ్లు తెలుసు కూడా. 1960లో కొరియా పేద దేశం. ఒక్కో స్త్రీకి సగటున ఆరుగురు పిల్లలు. 1980ల మధ్యకల్లా అది రెండు కంటే తక్కువకు దిగింది. ఆ మధ్య కాలంలో వాళ్లు అందరికీ ప్రాథమిక విద్య పూర్తిచేశారు, ఆ పిల్లలు పెద్దయ్యేసరికి ఎగుమతులకు బట్టలు, ఓడలు, టీవీలు తయారుచేసే ఫ్యాక్టరీలు సిద్ధంగా ఉన్నాయి. తూర్పు ఆసియా ఎదుగుదలలో మూడో వంతు దాకా ఈ వయసుల మార్పు వల్లే వచ్చి ఉండవచ్చని డేవిడ్ బ్లూమ్, జెఫ్రీ విలియమ్సన్ అనే ఆర్థికవేత్తలు 1998లో లెక్కకట్టారు. మిగతా రెండు వంతులు? చదువు, పని, ప్రభుత్వ నిర్ణయాలు. అదీ చెప్పాలి.

పక్కనే కేరళను పెట్టండి. పిల్లల సంఖ్య తగ్గడంలో, చదువులో మన పెద్ద రాష్ట్రాల్లో అన్నింటికంటే ముందు. కానీ చదువుకున్నవారికి సరిపడా పని రాష్ట్రంలో దొరకలేదు. లక్షల మంది గల్ఫ్ వెళ్లారు. వాళ్లు పంపిన డబ్బుతో ఇళ్లు లేచాయి, కుటుంబాలు గట్టెక్కాయి, కానీ ఆ శ్రమ దుబాయ్, దోహా కట్టడానికి పోయింది.

ఇంకో మాట. పనిచేసే వయసువారిలో సగం మంది ఆడవాళ్లు. ప్రభుత్వ శ్రామిక సర్వే ప్రకారం 15 ఏళ్లు దాటిన మహిళల్లో పనిలో ఉన్నవారు, పని వెతుక్కుంటున్నవారు కలిపి 2017–18లో 23.3 శాతం, 2023–24లో 41.7 శాతం. పెరిగింది, సంతోషమే. అయితే అందులో ఎక్కువ భాగం సొంత పొలంలో, సొంత ఇంటి వ్యాపారంలో పని, కొంత అసలు జీతమే లేని పని. తరగతిలో ఆడపిల్లల్ని "పదేళ్ల తర్వాత నువ్వు ఈ లెక్కలో ఎక్కడుంటావు?" అని అడగండి. నా మట్టుకు నాకు ఈ పాఠంలో అన్నింటికంటే ముఖ్యమైన ప్రశ్న అదే.

మన తెలుగు రాష్ట్రాల్లో పిల్లలు తగ్గడం ఎప్పుడు మొదలైంది? ఎందుకు?

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అంకెలు చూస్తే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో స్త్రీకి సగటు సంతానం 1992–93లో 2.6. 2005–06కి 1.8. 2019–21లో ఆంధ్రప్రదేశ్ 1.7, తెలంగాణ 1.8, దేశం మొత్తం 2.0, బీహార్ 3.0. ఒక తరం స్థానంలో అంతే సంఖ్యలో ఇంకో తరం రావాలంటే ఇది దాదాపు 2.1 ఉండాలి.

సాధారణంగా ఆడవాళ్ల చదువు పెరిగాక పిల్లలు తగ్గుతారని చెబుతాం. కేరళలో జరిగింది అదే. మన దగ్గర ఆడవాళ్ల అక్షరాస్యత ఇంకా తక్కువగా ఉన్నప్పుడే సంతానం తగ్గింది. "చిన్న కుటుంబం చింతలేని కుటుంబం" అన్న గోడ రాతలు, ఎర్ర త్రికోణం గుర్తు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఆపరేషన్. చిన్న వయసులో పెళ్లి, వెంటవెంటనే ఇద్దరు, పాతికేళ్లు నిండకుండా ఆపరేషన్, ఇదే ఊరూరా జరిగిన దారి. 2019–21 సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన స్త్రీలలో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవారే, దేశంలో ఇదే ఎక్కువ. కుటుంబ నియంత్రణ బరువంతా ఆడవాళ్ల మీదే పడింది. మగవారి ఆపరేషన్ ఇంకా తేలిక అయినా చేయించుకున్నవారు చాలా తక్కువ. పదో తరగతి పిల్లలకు ఈ మాట సూటిగా, గౌరవంగా చెప్పవచ్చు. సిగ్గుపడాల్సిన విషయం కాదు, వాళ్ల అమ్మల జీవితం.

జపాన్, చైనా గురించి ఎంతవరకు చెప్పాలి?

వేగం గురించి చెబితే చాలు. ఫ్రాన్స్‌లో 65 ఏళ్లు దాటినవారి వాటా 7 శాతం నుంచి 14 శాతానికి రావడానికి వందేళ్లకు పైగా పట్టింది. జపాన్‌లో అదే మార్పు 1970కి, 1994కి మధ్య, పాతికేళ్లలోపే జరిగిపోయింది. మార్పు నెమ్మదిగా వస్తే ఆస్పత్రులు, పెన్షన్లు, అలవాట్లు సర్దుకోవడానికి టైమ్ ఉంటుంది. ఇవాళ జపాన్‌లో ప్రతి వంద మందిలో 29 మంది 65 దాటినవారు. 2023 సర్వేలో ఖాళీగా ఉన్న ఇళ్లు దాదాపు 90 లక్షలు తేలాయి.

చైనా ఒకే బిడ్డ నిబంధనను 1980 ప్రాంతంలో తెచ్చి 2015 చివర్లో ఎత్తేసింది, 2021లో ముగ్గురిని అనుమతించింది. అయినా 2022 నుంచి జనాభా తగ్గుతోంది. 2025 నుంచి పదవీ విరమణ వయసును మెల్లగా పెంచుతోంది. మగవారికి 60 నుంచి 63. మనవైపూ ఈ మార్పు వచ్చింది. ప్రభుత్వ ఉద్యోగుల విరమణ వయసు తెలంగాణలో 2021లో 61 అయింది, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 62. "మరి కొత్తవాళ్లకు ఉద్యోగాలెప్పుడు సార్?" అని వెనక బెంచీ నుంచి ప్రశ్న వస్తుంది. రావాలి కూడా. ముసలితనం ఎక్కువగా ఉన్న దేశానికి సరైన పరిష్కారం, చదువుకున్న యువత పని కోసం ఎదురుచూస్తున్న చోట వేరే ఇబ్బంది తెస్తుంది.

"మా తాత పెన్షన్ ఎక్కడి నుంచి వస్తుంది?" అని పిల్లలు అడిగితే?

మంచి ప్రశ్న, ఒక పీరియడ్ అంతా దీని మీదే గడపవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ భరోసా కింద వృద్ధాప్య పెన్షన్ 2024 జులై నుంచి నెలకు 4,000 రూపాయలు. తెలంగాణలో ఆసరా పింఛను 2,016. ఇందులో కేంద్రం వాటా చాలా తక్కువ. 60–79 ఏళ్లవారికి నెలకు 200, ఎనభై దాటితే 500. మిగతాది రాష్ట్ర ఖజానాదే, అంటే సబ్బు కొన్నా బైకులో పెట్రోలు పోయించినా మనం కట్టే పన్నులు, రాష్ట్రానికి వచ్చే పన్నుల వాటాలు, అప్పులు.

లెక్క ఇలా ఇవ్వండి. మన ఊళ్లో నూరుమందికి నెలకు 4,000 వస్తే ఒకటో తారీఖున ఊళ్లోకి వచ్చేది ఎంత? నాలుగు లక్షలు. అది ఎక్కడికి పోతుంది? కిరాణా కొట్టు, మందుల షాపు, మనవడి ఫీజు, పాత బాకీ. అంటే పెన్షన్ ఖర్చే కాదు, ఊరి వ్యాపారానికి రాబడి కూడా. ఆ తర్వాత రెండో లెక్క: ఇరవై ఏళ్లలో తీసుకునేవారు రెట్టింపై, పన్ను కట్టేవారు అంతే ఉంటే? అప్పుడు మూడు దారులే కనిపిస్తాయి. పన్ను పెంచడం, పెన్షన్ తగ్గించడం, లేదా పనిచేసేవారి సంపాదన పెరిగేలా చూడటం. పిల్లల్నే ఎంచుకోమనండి. చాలామంది మూడోది అంటారు. ఎలా అని అడిగి వదిలేయండి.

ఉద్యోగుల పిల్లలు ఉంటే సీపీఎస్, అంటే ఉద్యోగి కూడా వాటా కట్టే పెన్షన్ పద్ధతి, మాట కూడా వస్తుంది. పాత పద్ధతిలో ఇవాళ్టి ఉద్యోగుల కాలంలో వచ్చే పన్నులతో నిన్నటి ఉద్యోగుల పెన్షన్ ఇస్తారు. 2004 నుంచి చేరినవారికి తెచ్చిన కొత్త పద్ధతిలో ఉద్యోగి జీతంలో కోసి, ప్రభుత్వం కొంత కలిపి మార్కెట్లో పెడతారు. ఏది మంచిదో తరగతిలో తేల్చనవసరం లేదు. మొదటి పద్ధతి వయసుల లెక్క మీద ఎంతగా ఆధారపడిందో గమనిస్తే చాలు.

వలసలకూ వయసుల లెక్కకూ సంబంధం ఏమిటి?

చాలా ఉంది. ఖతార్ పిరమిడ్ చూపించండి. మన చింతపిక్కల బొమ్మలా ఉండదు. ఎడమ పక్క, పాతికకూ నలభై అయిదుకూ మధ్య, పెద్ద బొజ్జలా పొడుచుకొచ్చి ఉంటుంది. అక్కడ మగవాళ్లు ఆడవాళ్లకు రెండింతలకు మించి ఉన్నారు. ఆ బొజ్జలో జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల వైపు నుంచి వెళ్లినవాళ్లు ఉన్నారు. కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి వెళ్లినవాళ్లు ఉన్నారు. ఖతార్ బొమ్మలో ఉబ్బు ఉంటే మన ఊరి బొమ్మలో అదే వయసు దగ్గర నొక్కు ఉంటుంది. నేను ఈ మాట చెప్పినప్పుడు ఒకమ్మాయి "మా నాన్న ఆ బొమ్మలో ఉన్నాడు" అంది. ఆ తర్వాత కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

ఇటువైపు చూడండి. తెలంగాణ పల్లెల్లో వరినాట్లకు బీహార్, బెంగాల్ నుంచి ముఠాలు వస్తున్నాయి. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో సెంట్రింగ్, తాపీ పనులకు ఒడిశా, బీహార్ వాళ్లు. యువత ఎక్కువున్న చోటి నుంచి తక్కువున్న చోటికి, పని లేని చోటి నుంచి ఉన్న చోటికి మనుషులు కదులుతారు. జర్మనీ, జపాన్‌లో నర్సుల కొరత ఉంది కాబట్టే తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఇక్కడి నర్సులకు ఆ భాషలు నేర్పించి పంపుతోంది. బీహార్ కూలీ గురించి పిల్లలు చులకనగా మాట్లాడితే ఖతార్ బొమ్మ మళ్లీ చూపించండి.

ఎక్కువమంది పిల్లల్ని కనమని నాయకులు అంటున్నారు. తరగతిలో ఏం చెప్పాలి?

పార్టీల మాట ఎత్తకుండా వాస్తవాలు చెప్పవచ్చు. 1994 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇద్దరికి మించి పిల్లలున్నవారు పంచాయతీ ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న నిబంధన ఉండేది. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2024 నవంబరులో దాన్ని తీసేసింది. ముప్పై ఏళ్లలో ఆలోచన ఎంత తిరగబడిందో చూడండి.

వెనుక రెండు భయాలున్నాయి. ఒకటి వృద్ధాప్యం. రెండోది ప్రాతినిధ్యం. లోక్‌సభ సీట్ల పంపకాన్ని 1976లో స్తంభింపజేసి, 2001లో ఆ గడువును 2026 తర్వాత వచ్చే మొదటి జనాభా లెక్కల దాకా పొడిగించారు. జనాభాను అదుపు చేసిన రాష్ట్రాలకు సీట్ల వాటా తగ్గుతుందేమోనన్న టెన్షన్ దక్షిణాదిలో ఉంది. ఈ భయం న్యాయమైనదే అని నా అభిప్రాయం. కానీ దానికి జవాబు రాజ్యాంగంలో, చర్చలో వెతకాలి. ఆడపిల్లల కడుపులో వెతకకూడదు.

లెక్కగా చూసినా ఒకటి గమనించమనండి. ఇవాళ పుట్టిన బిడ్డ సంపాదించడానికి కనీసం ఇరవై ఏళ్లు పడుతుంది. ఆ ఇరవై ఏళ్లూ నిష్పత్తి తగ్గదు, పెరుగుతుంది. దక్షిణ కొరియా డబ్బు, సెలవులు, ఇళ్లు అన్నీ ఇచ్చి చూసింది. 2023లో అక్కడ సగటు సంతానం 0.72. పిల్లల్ని కనడం, ప్రభుత్వం చెబితే ఆగినంత తేలికగా మళ్లీ మొదలవదు.

మా ఊళ్లో బడి మూతపడింది. పిల్లలు తగ్గినందుకేనా?

కొంతవరకు. తొందరపడి ఒకే కారణం రాయించకండి. పుట్టేవారు తగ్గారు, నిజమే. ఉన్నవారిలో చాలామంది ప్రైవేటు బస్సెక్కుతున్నారు, కొందరి కుటుంబాలు పట్నం చేరాయి. మూడింటినీ విడదీసి చూడటం పిల్లలకు మంచి సాధన. పంచాయతీ జనన రిజిస్టరులో పదేళ్ల అంకెలు అడిగి తెచ్చుకుంటే ఇంకా బాగుంటుంది.

పిల్లలు ఎక్కువగా చేసే పొరపాట్లు ఏవి?

రెండు. మొదటిది, సగటు సంతానం రెండుకు వచ్చింది కాబట్టి జనాభా పెరగడం ఆగిపోయిందనుకోవడం. పిరమిడ్ మధ్యలో పిల్లల్ని కనే వయసువాళ్లు ఇప్పటికే కోట్లలో ఉన్నారు. ఒక్కొక్కరు ఇద్దర్నే కన్నా పుట్టేవారు చనిపోయేవారికంటే ఎక్కువే. బ్రేక్ వేసినా లారీ కొంతదూరం పోయినట్టు, మన జనాభా 2060ల దాకా పెరిగి 170 కోట్ల దగ్గర ఆగుతుందని ఐక్యరాజ్యసమితి అంచనా.

రెండోది, స్వాతంత్ర్యం వచ్చినప్పుడు సగటు ఆయుర్దాయం 32 ఏళ్లు అంటే అప్పట్లో ముసలివాళ్లే లేరనుకోవడం. పసిపిల్లలు ఎక్కువగా చనిపోవడం వల్ల సగటు అంత కిందికి పడింది. అయిదేళ్లు దాటి బతికినవారిలో పెద్దవయసు చూసినవారూ ఉన్నారు. ఇప్పుడా సగటు 70కి చేరింది.

పరీక్షలో ఎలాంటి ప్రశ్న ఇవ్వాలి?

నిర్వచనం అడగకండి. రెండు పిరమిడ్లు పేర్లు లేకుండా ఇచ్చి, "నువ్వు ఈ రెండు జిల్లాల కలెక్టరువి. నీ దగ్గర కోటి రూపాయలున్నాయి. ఏ జిల్లాలో దేనికి ఖర్చు పెడతావు, ఎందుకు?" అని అడగండి. కారణం సరిగా ఉంటే ఏ జవాబుకైనా పూర్తి మార్కులు వేయండి.

2011 అంకెలు పాతవి కదా, వాటితోనే చెప్పాలా?

ప్రస్తుతానికి తప్పదు. 2021లో జరగాల్సిన జనాభా లెక్కలు వాయిదా పడ్డాయి. కొత్త లెక్కలకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా ప్రకటించారు. ఇళ్లకు వచ్చి వయసులు రాసుకునేవారిలో మన టీచర్లే చాలామంది ఉంటారు. చింతపిక్కల బొమ్మను చార్టు మీదికి ఎక్కించి, కింద సంవత్సరం రాసి, స్టాఫ్ రూమ్ బీరువాలో దాచండి. కొత్త అంకెలు వచ్చాక మీ మండలం పిరమిడ్‌ను దాని పక్కనే గీయించవచ్చు. ఇవాళ తొమ్మిదో తరగతి చదువుతున్న పిల్లలు అప్పటికి ఇంటర్‌లో ఉంటారు. వాళ్లలో ఇద్దరు ముగ్గుర్ని పిలవండి, గీసేది వాళ్లయితే బాగుంటుంది.